వెన్నునీరు, పైడమ్మ పందులు

రాయగడ నుంచి బదిలీ మీద కొరాపుట్ ప్రయోగశాలకు సీనియర్ టెక్నీషియన్‌గా వచ్చాను. నేను చెబుతున్నది రిటైరవడానికి ముందటి వానాకాలం సంగతి. మెదడువాపు అనుమానమున్న పిల్లల వెన్నెముక నుంచి తీసిన వెన్నునీరు పరీక్షించడం నా పని. ఫలితం మీద సంతకం మాత్రం మైక్రోబయాలజీ డాక్టరుగారిది.

మా వీధి కిరాణా వ్యాపారి అప్పల్రాజుగారి కొడుకు జ్వరంతో, మూర్ఛలతో వార్డులో చేరాడు. అప్పటికే బయట చేయించిన రక్తపరీక్షలో జపనీస్ మెదడువాపు పాజిటివ్ అని వచ్చింది. ఆ వైరస్‌ను పందుల నుంచి దోమలు మోసుకొస్తాయని అందరికీ తెలుసు. ఇంకేముంది! వీధి వెనక పందులు పెంచుకునే మునిసిపాలిటీ స్వీపరు పైడమ్మ మీద వీధివాళ్లంతా పడ్డారు. తెల్లారేసరికి దొడ్డి ఖాళీ చెయ్యాలన్నారు.

పైడమ్మ వచ్చి మా గుమ్మంలో నిలబడింది. "నా పందులే సేసినాయంతన్నారు బాబూ. అయ్యి పోతే నానేటి తిని బతకాల?" అంది. పిల్లాడి వెన్నునీరు ఆ సాయంత్రమే వార్డు నుంచి ప్రయోగశాలకు వచ్చింది. పరీక్ష కాకుండా ఏం చెప్పగలను? ఫలితం వచ్చేదాకా ఆగమని వీధివాళ్లకు చెప్పాను.

టీకా వేయించారా అని అప్పల్రాజుగారిని అడిగాను. "పోయిన్నెలే ఏయించేం. అయినా వచ్చేసింది సూడండి!" అని నామీదే విరుచుకుపడ్డారు. సరిగ్గా చిక్కంతా అక్కడే ఉంది. టీకా వేసుకున్నాక కూడా రక్తంలో కొన్నాళ్లు ప్రతిరక్షకాలు కనబడి పరీక్ష పాజిటివ్ వస్తుంది. మెదడుకే వైరస్ సోకితే అవి వెన్నునీటిలో ఉంటాయి. జ్వరం మొదలై వారం దాటింది కాబట్టి, ఉంటే దొరకాలి.

పరీక్షకు వాడే ప్లాస్టిక్ పలకలోని చిన్న గుంటల్లో నమూనా పోసి, కడిగి, చివరి ద్రావకం వేశాను. పోల్చుకోవడానికి పెట్టిన పాజిటివ్ నమూనా పసుపెక్కింది. పిల్లాడి గుంట తేటగానే ఉంది. డాక్టరుగారు మళ్లీ చేయమన్నారు. మళ్లీ అంతే. హమ్మయ్య అనుకున్నాను. వార్డులో మరోసారి ఒళ్లంతా వెతికితే చంకలో పురుగు కుట్టిన నల్లమచ్చ దొరికింది. అది స్క్రబ్ టైఫస్, పందులతో సంబంధం లేని పురుగుకాటు జ్వరం. మందు మార్చారు, పిల్లాడు లేచి కూర్చున్నాడు.

"పైడమ్మకి మీరే సెప్పెయ్యండి సార్," అన్నారు అప్పల్రాజుగారు. తోలెయ్యమన్నది మీరు, ఉంచుకోమనీ మీరే చెప్పండి అన్నాను. మొహం గంటు పెట్టుకున్నారు గాని, వెళ్లి చెప్పారు.

దొడ్డిని ఇళ్లకు దూరంగా జరపమని నేనూ పైడమ్మతో అన్నాను. పందులతో ప్రమాదమన్నది అబద్ధమేమీ కాదు కదా! "అలాగే బాబూ, మీ పలక సల్లగుండ," అని నవ్వింది. వారంలో జరిపేసింది కూడా.

ఎవరైనా పాజిటివ్ అంటే, రక్తంలోనా వెన్నునీటిలోనా, టీకాకు ముందా తర్వాతా అని అడగాలి. ఇంకొకరి దొడ్డి తలుపు తట్టడం ఆ తర్వాతి పని.