రోడ్డు మీద బుచ్చయ్య ఉలవలు

మా బుచ్చయ్య మామంత మొండి మనిషిని నేను చూడలేదు. శ్రీశైలం రోడ్డు మీద, కందుకూరు దాటాక మా ఊరు. ఏటా కోతలయ్యాక ఎండిన ఉలవ మొక్కలు తెచ్చి ఆ తారురోడ్డు మీదే పరిచేవాడు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలేవి. ఎడ్లు అమ్మేశాడు, కూలీలు దొరకరు, రోడ్డే ఆయనకు కళ్లం. "వద్దు మామా, ఎవడన్న జారి పడతడు" అని నా కిరాణా కొట్టులోంచి అరిచీ అరిచీ గొంతు పోయేది. "ఎట్లాగు పోతున్నరు గదరా, జర నా పని గూడ జేసిపోతరు" అని నవ్వేవాడు.

2012లో ఆ రోడ్డు మీద వేగ పరిమితి అరవై నుంచి ఎనభైకి పెంచాలన్న మాట వచ్చింది. దగ్గర్లో ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచీ అందరికీ తొందరే. మా ఊరి క్యాబ్ డ్రైవర్ యాదగిరిదీ అదే పాట. "రోడ్డు గింత మంచిగైంది. ఫ్లైటు మిస్సయితే తిట్లు నాకు పడ్తయన్నా. ఎడ్లబండి లెక్క పొమ్మంటవా?" అతని మాటలో న్యాయం లేకపోలేదు. మరి రోజుకు రెండుసార్లు ఆ రోడ్డు దాటే బడిపిల్లల సంగతేంటి? నాకు ఒళ్లు మండి, పెంచొద్దని అర్జీ రాశాను.

అర్జీకి బలం కావాలి కదా. నెల కిందటే రావిర్యాల ఊరి మధు, ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తే పిల్లవాడు, మా ఊరి మలుపులో బైకు జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ‘మితిమీరిన వేగంతో వచ్చి పడ్డాడు’ అని రాసేశాను. చూసిన మనిషి బుచ్చయ్య ఒక్కడే. చదివి వినిపించాను. నా మొహం చూడకుండా సాక్షిగా వేలిముద్ర వేశాడు.

రోడ్ల ఇంజనీరు పంచాయతీ ఆఫీసుకు విచారణకు వచ్చిన రోజు, మధు తండ్రి రాజయ్య కొడుకును పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. "సారూ, ర్యాష్‌గ నడిపిండని మీ ఊరోళ్లు రాసిన్రంట. గా మాట ఇని కాంట్రాక్టరు పనిలకెల్లి తీసేసిండు. నా కొడుకు అసుంటోడు కాదు." నిజం చెప్పొద్దూ, అప్పుడు కూడా నాకు నా అర్జీయే ముఖ్యమనిపించింది. తల తిప్పుకున్నాను.

బుచ్చయ్య లేచాడు.

"పిల్లగాడు మెల్లగనే వచ్చిండు సారూ. నా ఉలవల మీద జారిండు. ఎవలన్న చూస్తరని ముందుగల ఉలవలు ఊడ్చి ఎత్తిన. గా తర్వాతనే పిల్లగాన్ని లేపిన."

మధు తల వంచుకుని కట్టు వైపు చూసుకుంటున్నాడు.

"కొంప ముంచితివి గద మామా!" అని పైకే అనేశాను. యాదగిరి చటుక్కున అందుకున్నాడు. "ఇగ అయిపాయె సారూ, స్పీడు తప్పు లేదు గద. పెంచుండ్రి."

బుచ్చయ్య వాడివైపు తిరిగాడు. "మెల్లగ వచ్చిండు గనకనే కాలుతోని పోయిందిరా. నువ్వడిగే ఎనభైల వచ్చుంటే, నేను ఉలవలెత్తి వచ్చేదాంక ఉండునా?"

యాదగిరి కూర్చున్నాడు. పైవాళ్లకు రాస్తానని ఇంజనీరు కాగితాలు సర్దుకున్నాడు. బుచ్చయ్య నా దగ్గరకొచ్చాడు. "పిల్లగాని మీద రాసింది కొట్టెయ్యి. నా తప్పని రాయి." ఇంజనీరు దగ్గరున్న అర్జీలో ఆ మాట కొట్టేసి, వేరే కాగితం మీద ఆయన తప్పని రాశాను. వేలిముద్ర వేశాడు. అర్జీ నీరుగారిపోయిందని నాకు ఒకటే మంట. ఆయనేమో హాయిగా గాలి పీల్చుకుంటున్నాడు.

కాంట్రాక్టరుకు చూపిస్తానని రాజయ్య ఆ కాగితం చేతికి తీసుకున్నాడు. చదువు రాదు, అయినా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముసలోడు ఒప్పుకుండు, మంచిదే. మరి నా కొడుకు బండి ఉరికిచ్చిండని మొదలు రాసిందెవలు?"

బుచ్చయ్య నా పేరు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. చూడని దాన్ని చూసినట్టు రాసిన చేయి నాదే. కాగితం తిరిగి తీసుకుని, బుచ్చయ్య వేలిముద్ర కింద ‘చూడకుండా మొదట రాసింది నేనే’ అని రాసి నా సంతకం పెట్టాను.