ముందు మా ఇంటి గిన్నె

నా చిన్నప్పుడు తెనాలిలో మా వీధికి ఒక వాసన ఉండేది. నవాసారం పొగ, కరిగిన తగరం, బొగ్గు కలిసిన వాసన. మా దాదా, అంటే మా నాన్నకు తండ్రి, ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత, అదే కళాయి, వేసేవాడు. తోలుతిత్తి భుజాన వేసుకుని ఒక వారం చుండూరు, ఒక వారం చెరుకుపల్లి, పంట చేతికొచ్చిన రోజుల్లో బాపట్ల దాకా తిరిగేవాడు.

ఇత్తడి గిన్నె తత్వం ఇప్పటివాళ్లకు తెలియదు. చింతపండుతో తోమితే బయట బంగారంలా మెరుస్తుంది. లోపల కళాయి అరిగి చిలుము పట్టిన సంగతి బయటి మెరుపు చెప్పదు. అందులో పులుసు కాస్తే ఇంటిల్లిపాదికీ వాంతులు. అయినా ఏ ఇల్లాలూ తన గిన్నెను మొదట వీధిలోకి తెచ్చేది కాదు. పక్కింటావిడ తొంగిచూసి, "ఏంటమ్మా, దీంట్లోనే వండుకుంటున్నారా?" అంటుందని భయం.

దానికి మా దాదా దగ్గర ఒక ఉపాయం ఉండేది. ఏ ఊరు వెళ్లినా మా ఇంటి నుంచే చిలుము పట్టిన గిన్నె ఒకటి పట్టుకెళ్లేవాడు. వీధి మధ్యలో దాన్ని పెట్టి, "చూడండమ్మా, కళాయి సాయిబు ఇంటి గిన్నె ఎట్టా ఉందో!" అని కేకేసేవాడు. ఆడవాళ్లు పడీపడీ నవ్వేవారు. ఆ నవ్వు ఆగేలోగా గుమ్మాల్లోంచి గిన్నెలు ఒకదాని వెంట ఒకటి బయటికొచ్చేవి.

మా మేనత్తను రేపల్లె ఇచ్చారు. మామయ్యది గాజుల వ్యాపారం. సరుకు కోసం దూరపు ఊళ్లు తిరిగేవాడు. మనిషి ఎర్రగా, బలంగా ఉండేవాడు. మా అత్తకు మొదటి కడుపు నిలవలేదు. రెండో బిడ్డ ప్రాణం లేకుండానే పుట్టింది. తప్పంతా ఆమె మీదే వేశారు. తాయెత్తులు కట్టించారు, దిష్టి తీయించారు, చివరికి ఆమె జాతకమే మంచిది కాదన్నారు. మామయ్య ఆరోగ్యం సంగతి అడగాలని ఒక్కరికీ తోచలేదు. ఆ మాట తలుచుకుంటే ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు మండుతుంది.

మూడోసారి నీళ్లోసుకున్నాక అత్త మా ఇంటికి వచ్చింది. మా దాదీ, అంటే నానమ్మ, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. అత్తకు సవాయి రోగం, డాక్టర్ల మాటలో సిఫిలిస్, ఉందని తేలింది. సుఖరోగమని పేరు పెట్టారు దానికి! ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, మా అత్త అందులో ఏం సుఖం చూసిందో నాకు చెప్పాలి. పెళ్లినాటి నుంచి రేపల్లెలో ఆ ఇంటి గడప దాటని మనిషి.

డాక్టరమ్మ మాత్రం కసురుకోలేదట. ఒంటి మీద ఏ గుర్తూ లేకుండానే ఈ జబ్బు రక్తంలో దాగి ఉంటుందని, కడుపులో బిడ్డకు తగులుతుందని, ఇంజెక్షన్లతో నయమవుతుందని చెప్పిందట. కాకపోతే భర్త కూడా వచ్చి పరీక్ష చేయించుకోవాలి, వైద్యం చేయించుకోవాలి. లేకపోతే ఈమెకు నయమైనా మళ్లీ అంటుకుంటుంది.

కబురందుకుని మామయ్య రేపల్లె బండి దిగి వచ్చాడు. సంగతి వినగానే వసారాలో లేచి నిలబడ్డాడు.

"నాకేం రోగం మామూ? దున్నపోతులా ఉన్నా. ఆ ఆసుపత్రి మెట్టెక్కితే బజార్లో తలెత్తుకుని తిరగగలనా? అంత అనుమానమైతే మీ అమ్మాయిని మీ దగ్గరే ఉంచేసుకోండి."

తలుపు వెనక అత్త నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. బిడ్డ దక్కాలి, కాపురం నిలవాలి. రెండూ ఆ మనిషి ఒక్క మాట మీద వేలాడుతున్నాయి. దాదా అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "భోంచెయ్ నాయనా, రేపు మాట్లాడుకుందాం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అల్లుణ్ణి, నన్ను వెంటబెట్టుకుని వీధి చివర టీ దుకాణానికి బయల్దేరాడు. దారిలో ఆసుపత్రి దగ్గర మమ్మల్ని ఆగమని తనొక్కడే లోపలికి వెళ్లి వచ్చాడు. దుకాణంలో ఎప్పటి గుంపే కూర్చుని ఉంది. దాదా చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దగ్గర దూది అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టాడు.

"ఏంటి సాయిబు గారూ, దెబ్బ తగిలిందా?" అన్నాడు దుకాణం ఆయన.

"లేదండి. రక్తం ఇచ్చొచ్చా. సుఖరోగాల పరీక్షకి."

గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. తరువాత ఒకటే నవ్వు.

"ఈ వయసులోనా మామా! ఎవరావిడ?"

"వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగినోణ్ణేగా! లోపలేముందో బయటికి తెలుస్తుందా? చూయించుకుంటే పోయేదేముంది, ఓ చుక్క రక్తం. నువ్వు మాత్రం తిరగలేదా ఏంటి, గుండె మీద చెయ్యేసుకుని చెప్పు!"

నవ్వు ఈసారి అడిగినవాడి మీదికి మళ్లింది. మామయ్య తలెత్తలేదు. టీ చల్లారిపోయింది. లేచి, ఎవరికీ చెప్పకుండా, మేము వచ్చిన దారినే వెనక్కి, ఆసుపత్రి వైపు నడిచాడు. నేను వెంట వెళ్లబోతే దాదా నా చేయి పట్టి కూర్చోబెట్టాడు.

మామయ్య రక్తంలోనూ జబ్బు ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. దాదీ అడగబోతే, "చిలుము ఎక్కణ్ణుంచి వచ్చిందని గిన్నెను అడుగుతామా? తోముతాం" అన్నాడు దాదా. భార్యాభర్తలిద్దరూ కలిసి ఇంజెక్షన్లు చేయించుకున్నారు.

ఇంత జరిగినా నా బాధ నాకు ఉంది. బడిలో పిల్లలు "మీ తాతకి సవాయంట్రోయ్" అని వెంటపడేవారు. ఒకడి పలక పగలగొట్టాను. ఇంతలో దాదా రక్తంలో ఏ జబ్బూ లేదని ఆసుపత్రిలో చెప్పారు. నేను ఎగిరి గంతేశాను. ఆ మాట బడంతా చాటి వస్తానని బయల్దేరాను. దాదా గుమ్మం దగ్గరే ఆపాడు.

"వద్దురా. నాది శుభ్రమని చాటితే మీ మామయ్య ఒక్కడే మురికోడవుతాడు. నవ్వుకోనీ. నవ్వితే నా ఒళ్లేమన్నా అరిగిపోద్దా?"

పోయేదాకా ఆ మాట ఆయన వీధిలో ఎవరికీ చెప్పలేదు.

ఆ మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పురిటి గదిలోంచి ఆ ఏడుపు వినబడగానే మామయ్య వసారాలో గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. దాదా మాత్రం తిత్తి భుజాన వేసుకుని పనికి వెళ్లిపోయాడు. ఆ ఉదయం మా ఇంట్లో అందరూ ఊపిరి వదిలిన చప్పుడు నాకింకా వినబడుతుంది. తరువాత కూడా డాక్టరమ్మ రమ్మన్నప్పుడల్లా మామయ్య వెళ్లి పరీక్ష చేయించుకునేవాడు. కళాయి ఒకసారి వేస్తే జన్మంతా ఉండదుగా! ఆ పిల్ల ఇప్పుడు బాపట్లలో మనవరాళ్లకు జడలు వేస్తోంది.

నా బడి చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. ఆ తరువాత లైబ్రరీలో కూర్చుని దొరికిందల్లా చదివాను. ఈ జబ్బుల గురించీ చదివాను. ఇప్పుడు పరీక్షలు సులువు, మందులు మెరుగు. చెప్పింది గోప్యంగా ఉంచుతారు. అయినా ఆసుపత్రిలో ఆ పరీక్షల గది ముందు కుర్రాళ్లు మొహానికి రుమాలు కట్టుకుని, దొంగల్లా గోడవారగా నిలబడి ఉంటారు. చూస్తే కోపం వస్తుంది. వాళ్ల మీద కాదు, వాళ్లను అలా నిలబెట్టిన మన నోళ్ల మీద.

మొన్న మా మనవడికి పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు ఇద్దరూ రక్త పరీక్ష చేయించుకోవాలన్నాను. పిల్ల వెంటనే సరేనంది. మావాడే, "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు తాతా?" అని నసిగాడు. ఆ రోజు వాళ్లకంటే ముందు నేను వెళ్లి, ఆ గదికి ఎదురుగా, అందరికీ కనబడే బెంచీ మీద కూర్చున్నాను.

నర్సమ్మ నన్ను చూసి విస్తుపోయింది. "తాతయ్యా, కళ్ల డాక్టరు గారు ఆ పక్కనండి."

"తెలుసమ్మా. నాక్కావలసింది ఈ పరీక్షే" అని చొక్కా చేయి మడిచాను.

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. రుమాలు కట్టుకున్న కుర్రాడొకడు నా వంక చూసి, కాసేపటికి రుమాలు కిందికి లాగి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ వెనకే మా మనవడు.

ఫలితాలు వచ్చాయి. పెళ్లి నిశ్చింతగా జరిగింది. నా ఫలితం ఏంటని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. నేను చెప్పను.