ఒక తల తక్కువ

నిన్న సాయంత్రం టీవీలో నలుగురు పెద్దమనుషులు, సర్కారు జనాన్ని కులం అడిగి రాసుకోవచ్చా కూడదా అని వాదించుకుంటుంటే మామ లేచి టీవీ కట్టేశాడు. మా ఇంట్లో ఆ వాదన ఎప్పుడో అయిపోయింది. అందులో పోయినవి లెక్కేస్తే ఇవి: అవ్వా మామా ఒకే చాప మీద కూర్చుని తిన్న రాత్రి భోజనాలు, పులుసులో చేప తల ఎవరిదని వాళ్ళు పడే కీచులాట, అవ్వ చివరి ఎండాకాలం మాటలన్నీ.

అవ్వ మా అమ్మకు అమ్మ. మామ ఆమె ఒక్కగానొక్క కొడుకు. నన్ను పెంచింది వాళ్ళే. కావలి దగ్గర సముద్రపొడ్డున రొయ్యపిల్లల హేచరీలో నేను లెక్క చూస్తాను. చిన్న గిన్నెడు నీళ్ళలో పిల్లల్ని లెక్కపెట్టి, తొట్టి మొత్తంలో ఎన్నున్నాయో చెప్పాలి. బడిలో రాని లెక్కలు నాకు అక్కడ వచ్చాయి. ఇంట్లో మాత్రం ఆ విద్య చెల్లేది కాదు. మనుషుల తలలు లెక్కపెట్టడానికి అవ్వ ఒప్పుకునేది కాదు. భోజనాలకు కంచాలు కూడా అందాజాగానే వేసేది. ఒకటి తక్కువైతే నేను మూకుడులో తినేవాణ్ణి. పొద్దుగూకేవేళకు మాత్రం ఏ పనైనా వదిలేసి, గడప బయట కాసేపు నిటారుగా నిలబడేది. దేవుడికి దండమేమో అనుకునేవాళ్ళం.

కులాల లెక్క రాయడానికి మనిషి వస్తుందని తెలిసిన రోజు మామ సంబరపడ్డాడు. మావాళ్ళు ఎందరున్నారో ఏ ఆఫీసులోనూ తెలియదని, అందుకే పిల్లలకు హాస్టల్లో సీట్లు రావడం లేదని ఆయన బాధ.

"ఇంతమందిమి ఉండామని తెలిస్తేనే గదమ్మా, పిలకాయలకు ఏదన్నా ఇచ్చేది," అన్నాడు.

"ఇచ్చేదానికి కులమెందుకురా? ఆకలి చూసి ఇయ్యమను."

"ఆకలికి సర్టిఫికెట్ ఎవురిస్తారు?"

అప్పుడు చెప్పింది అవ్వ, మొదటిసారి. తెల్లదొరల కాలంలో మా కులమంతా దొంగలని రాసుకుని కంచె లోపల ఉంచారట. పొద్దుగూకగానే వరసలో నిలబెట్టి లెక్కపెట్టేవారట. ఒకనాడు అవ్వ వాళ్ళ నాయన మంత్రసానిని పిలుచుకురావడానికి పోయి ఆలస్యమయ్యాడు. లెక్కలో ఒక తల తక్కువ వచ్చింది. ఆయన్ను పోలీసులు తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు.

"అది ఆ కాలం అవ్వా. ఇప్పుడు మనకోసమే రాసుకుంటారు," అన్నాను నేను.

"ఈ లెక్క యాడ పెడతారబ్బయా?"

"గవర్నమెంటు దగ్గిర."

"ఆనాటి లెక్కా ఆళ్ళ దగ్గిరే ఉండింది."

మర్నాడు గ్రామ సచివాలయం నుంచి ఒక అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చేసరికి, అవ్వ ముత్తుకూరులో చెల్లెలింటికి బస్సెక్కేసింది. మనిషి లేకుండా రాయడం కుదరదని, అత్తా పిల్లలతో కలిపి ఏడుగురం ఉన్న ఇంటిని ఆ అమ్మాయి ఆరుగురిగా రాసుకుంది. "మావాళ్ళలో ఒక మనిషిని మా అమ్మే తగ్గించింది," అన్నాడు మామ. ఆ మాట అవ్వ చెవిన పడింది. తిరిగొచ్చాక కొడుకుతో మాట్లాడలేదు. ఆయన పక్షం చేరినందుకు నాతోనూ మాట్లాడలేదు. ఎండాకాలం ముగియకముందే పోయింది.

హాస్టల్ సీట్లు ఇంకా రాలేదు. ఇద్దరి మాటా నిజమేనని ఇప్పుడు తోస్తుంది. ఆ రెండు నిజాలనూ కూడే పద్ధతి మాత్రం నాకింకా చేతకాలేదు.

నిన్న టీవీ కట్టేశాక మామ గడప బయటికి పోయి నిలబడ్డాడు. పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాడు. ఏళ్ళు గడిచేకొద్దీ పెద్దపెద్ద సంఖ్యలే నాకు మసకబారిపోతున్నాయి గానీ, మా ఇంటి లెక్కకు రావలసిన ఆ ఒక్కటి ఇప్పటికీ బాకీగానే ఉంది.