పగలగొట్టడానికో అల్లుడు

మా పాపకి ఎనిమిదో నెల. చేతికందిన ప్రతి వస్తువునూ నేలకేసి కొట్టి, ఆ చప్పుడు శ్రద్ధగా విని, ఇంకోదాని కోసం చెయ్యి చాస్తుంది. ఇది మామూలేనా అని పిల్లల డాక్టరును ఇప్పటికే రెండుసార్లు అడిగాను. మళ్ళీ ఫోను తీస్తుంటే అమ్మమ్మ లాక్కుంది.

"ఇందులో డాక్టరుకి తెలిసేదేముందే? అచ్చం మీ తాత పోలిక. ఆ గుణం చూసే మా నాన్న ఆయన్ని ఇంట్లో పెట్టుకున్నాడు," అంది.

తాతయ్య పేరు మియసాకా తొమెజి. పెళ్ళికి ముందు ఇంటిపేరు కోగుచి. సువా సరస్సు ఒడ్డున సోయా గింజలు ఉడకబెట్టి, పెద్ద పెద్ద చెక్కపీపాల్లో వంటలోకి మిసో ముద్ద ఊరబెట్టే ఇంట్లో ఆఖరి కొడుకు. మనిషి మంచివాడు. కాకపోతే తన ఒళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఆయనకి ఎప్పుడూ సరిగ్గా తెలియలేదు. తలుపు తీస్తే గడియ చేతికొచ్చేది. కూర్చుంటే పక్కనున్న గ్లాసు తనంతట తానే భయపడి పడిపోయేదని ఆయన అన్నలు అనేవారట.

ఇలాంటి మనిషి పుట్టకూడని ఊరేదైనా ఉంటే అది మా ఊరే. ఇక్కడందరిదీ గడియారాల కంపెనీ పని. రేడియోలో గంట కొట్టగానే వీధివీధంతా ముంజేతి వంక చూసుకుంటుంది. సరిగ్గానే ఉందని తెలిశాక, ఆ ఆనందం కోసం ఇంకోసారి చూసుకుంటుంది.

అమ్మమ్మ యసూయె ఆ కంపెనీలోనే, వెంట్రుక కంటే సన్నని తీగచుట్టలను పట్టకారుతో సవరించే బల్ల దగ్గర పనిచేసేది. ఒకరోజు గేటు దగ్గర తాతయ్య క్యాంటీనుకి తెచ్చిన మిసో పీపాను ఆమె చెప్పుల మీద బోర్లించాడు. క్షమాపణ చెప్పడానికి వచ్చినప్పుడు వంగి వంగి దండాలు పెడుతూ గేటు స్తంభానికి తల కొట్టుకున్నాడు. ఆ అదురుకి ఆయన చేతి గడియారం ఆగిపోయింది. దాన్ని అమ్మమ్మ బాగుచేసి ఇచ్చింది. అది పదిరోజులు కాకముందే మళ్ళీ ఆగింది. వాళ్ళ ప్రేమంతా మరమ్మతుల మీదే సాగింది.

"కావాలనే పాడుచేసి తెచ్చేవాడేమో," అన్నాను ఒకసారి.

"కావాలని చెయ్యడం చేతనైతే ఇంకేం? ఆయనకి అంత నేర్పెక్కడిది!"

అడ్డమల్లా అమ్మమ్మ వాళ్ళ నాన్న, మా ముత్తాత ఎయ్‌కిచి. కొత్త గడియారాలను బయటికి పంపేముందు పరీక్షించే విభాగానికి ఆయనే పెద్ద. కూతుర్ని ఇవ్వమని తొమెజి వాళ్ళ నాన్న అడగడానికి వస్తే, టీ, ఊరగాయ పెట్టించి మర్యాదగానే మాట్లాడాడట. ఆ పెద్దమనిషి గడప దాటాక మాత్రం కూతురితో, "గడియారాన్నే బతకనివ్వనివాడు నిన్నేం బతకనిస్తాడే?" అన్నాడు. ఆ మాటతో సంబంధం ఆగిపోయింది.

అవి కంపెనీ స్ఫటికంతో నడిచే గడియారం తయారుచేస్తున్న రోజులు. స్ఫటికపు పలుకుకి కాస్త కరెంటు తగిలిస్తే అది తడబడకుండా ఒకే లయలో కంపిస్తుంది. ఆ లయను లెక్కపెట్టి ముల్లు తిప్పితే చాలు. సూత్రం చిన్నదే. మొదట్లో దాన్ని పెట్టడానికి బీరువా అంత పెట్టె కావలసివచ్చేది. ఏళ్ళ తరబడి కుదించి కుదించి, చివరికి చేతికి పట్టేంత చేశారు. ఇక మిగిలింది మనుషులు పెట్టుకుని తిరిగితే తట్టుకుంటుందా లేదా అన్నదే.

ఊళ్ళోవాళ్ళకే ఇచ్చి తొడిగించారు. నెల తిరిగేసరికి అన్నీ చెక్కుచెదరకుండా వెనక్కి వచ్చాయి. ముత్తాత పొంగిపోయాడు. అదే సమయంలో టోక్యో దుకాణాలవాళ్ళకి వాడి చూడమని ఇచ్చినవి మాత్రం ఒక్కొక్కటిగా ఆగిపోయి తిరిగొచ్చాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఎత్తు నుంచి పడేస్తే నడుస్తున్నాయి. వేడిలో నడుస్తున్నాయి, మంచులో నడుస్తున్నాయి. ముత్తాతకి అన్నం సయించడం మానేసింది.

"నాన్నా, మనవాళ్ళు గడియారం పెట్టుకోవడంలేదు, మోస్తున్నారు," అంది అమ్మమ్మ ఒక సాయంత్రం. "ముఖం కడుక్కునేటప్పుడు తీసేస్తారు. కట్టెలు కొట్టేటప్పుడు తీసేస్తారు. పక్కింటి బామ్మగారైతే దానికి చిన్న పరుపు కుట్టింది. అలా పెట్టుకుంటే మట్టితో చేసినదైనా నడుస్తుంది."

"ఇంకెవరికి ఇమ్మంటావ్?"

"మీకు తెలిసినవాడే ఒకడున్నాడు."

ఆయనకి అర్థమైంది. ముఖం చిట్లించుకున్నాడు. కానీ మర్నాడు తొమెజిని పిలిపించి ఒక గడియారం చేతికిచ్చాడు.

"ఇది మా విభాగంవాళ్ళ కష్టమోయ్. పెట్టుకో. రోజూ చేసే పనులు చేసుకో. నెల తర్వాత పట్రా."

తొమెజికి ఇందులో గడియారం కనపడలేదు. పెళ్ళిపరీక్ష కనపడింది. ఇంటికెళ్ళగానే దాన్ని దూది పరిచిన డబ్బాలో పెట్టి, డబ్బాను పరుపుల అలమరలో అన్నిటికంటే పై అరలో పెట్టి, వదినలెవరూ ఆ తలుపు గట్టిగా వెయ్యకూడదని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ముత్తాత ఇంటికి వెళ్ళే రోజున మాత్రమే చేతికి పెట్టుకుని, ఆ చెయ్యి అరువు తెచ్చుకున్నదన్నట్టు ఒంటికి దూరంగా పట్టుకుని నడిచాడు.

ముత్తాత గడియారాన్ని దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. ఒక్క గీత లేదు.

"నువ్వు కూడానా!" అన్నాడు. "ఊరంతా ఇదే చేసింది. నువ్వైనా మనిషిలా ఉంటావనుకుంటే, నువ్వూ ఇదే చేశావు!"

"జాగ్రత్తగా చూసుకున్నానండీ," అన్నాడు తొమెజి. ముత్తాత పొగుడుతున్నాడో తిడుతున్నాడో ఆయనకి తెలియలేదు.

"నిన్ను జాగ్రత్తగా ఉండమని ఎవడడిగాడు? వెళ్ళు. చేతినుంచి తీశావంటే మళ్ళీ ఈ గడప తొక్కకు!"

ఇక తొమెజి కష్టాలు చెప్పనలవి కాదు. పాడుచేస్తే పెళ్ళి పోతుందని భయం. పాడుచెయ్యకపోతే ఆ పెద్దాయన ఊరుకోడు. పోనీ పాడుచేద్దామని మంచుమీద పడేశాడు, నడిచింది. మేకులు కొడుతూ కావాలని చెయ్యి జార్చాడు, బొటనవేలు వాచింది గానీ గడియారం నడిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన చేతిలో ఒక వస్తువు ఇంతకాలం నిలవడం అదే మొదలు. తనలోనే ఏదో లోపం వచ్చిందని బెంగపడ్డాడట.

చలికాలం చివర, కొత్త మిసో వెయ్యడానికి పీపాలు బిగించే పని వచ్చింది. పీపా చుట్టూ వెదురు కట్లు ఉంటాయి. ఎడమచేత్తో కట్టు మీద చెక్కదిమ్మ ఆనించి, కుడిచేత్తో సుత్తితో దాన్ని కొడుతూ పీపా చుట్టూ తిరగాలి. ఆ పనిలో ఉంటే ఒళ్ళు తెలియదు. తొమెజి యసూయె గురించి ఆలోచిస్తూ పొద్దుటినుంచి కొట్టాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిచినప్పుడు చూసుకుంటే ముల్లు కదలడంలేదు.

దాన్ని చేతిరుమాలులో చుట్టుకుని, అన్నం కూడా తినకుండా ముత్తాత ఇంటికి వెళ్ళాడు. అది ఆదివారం. చాప మీద మోకరిల్లి, నుదురు నేలకి ఆనించి, "పాడైపోయిందండీ. ఇక మీ అమ్మాయిని అడగను," అన్నాడు.

ముత్తాత కంటికి భూతద్దం బిగించుకుని, మూత తీసి చాలాసేపు లోపలికి చూశాడు. అమ్మమ్మ టీ తెచ్చిపెట్టింది. టీ చల్లారిపోయింది.

"స్ఫటికాన్ని పట్టి ఉంచే తీగ తెగింది," అన్నాడు చివరికి. "ఏం చేస్తున్నావు?"

"పీపా కట్టు కొడుతున్నానండీ."

"ఎలా?"

"ఇలా." తొమెజి ఎడమచెయ్యి బల్లకి ఆనించి, కుడి పిడికిలితో దానిమీద కొట్టి చూపించాడు. టీ కప్పు ఎగిరి కిందపడి ముక్కలైంది.

"అయ్యో! క్షమించండి..."

"కప్పు సంగతి వదిలెయ్యవోయ్! మళ్ళీ కొట్టు."

ఈసారి ముత్తాత బల్ల మీదికి వంగి, తొమెజి ఎడమ మణికట్టునే చూస్తూ కూర్చున్నాడు. కొట్టమన్నాడు, ఆపమన్నాడు, మళ్ళీ కొట్టమన్నాడు. రెండో కప్పు కూడా పోయింది.

"మేం పెద్ద దెబ్బకి పరీక్షించాం," అన్నాడు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఒక్కసారి గట్టిగా పడితే తట్టుకోవాలని చూశాం. ఇలా ఒకే లయలో పూటంతా చిన్న చిన్న దెబ్బలు తింటే, ఆ దెబ్బలకి తగ్గట్టు తీగ ఊగడం మొదలుపెట్టి, ఊగి ఊగి తెగిపోతుంది. అయితే ఆ టోక్యోవాళ్ళు గడియారాలను ఏ వడ్రంగికో ఇచ్చుంటారు." భూతద్దం తీసి తొమెజి వంక తిరిగాడు. "తీగ కట్టే తీరు మార్చాలి. మార్చాక ఇంకోటి ఇస్తాను."

"అది కూడా పగులుతుందేమోనండీ."

"పగలాలి. అది ఎలా పగిలిందో నా కళ్ళతో చూడాలి. నువ్వు సరస్సు అవతల కూర్చుని పగలగొడితే నాకేం తెలుస్తుంది? ఇక్కడుండి పగలగొట్టు." గొంతు సవరించుకున్నాడు. "మీ నాన్నకి ఇంకా కొడుకులున్నారుగా. నాకు లేరు."

మా ఊళ్ళో ఇల్లరికం అడిగే మాట అదే. తొమెజికి తప్ప ఆ గదిలో ఉన్న అందరికీ అర్థమైంది.

"నాన్నా, మీరు అల్లుణ్ణి తెచ్చుకుంటున్నది నాకా, మీ విభాగానికా?" అంది అమ్మమ్మ.

"ముందు విభాగానికి. ఖాళీ ఉన్నప్పుడు నువ్వు వాడుకో."

తొమెజి ఏమీ పట్టనట్టు బల్ల కింద దూరి కప్పు ముక్కలు ఏరుతున్నాడు. ముత్తాత వంటింటి వైపు తిరిగి, "ఇదిగో, వింటున్నావా? రేపు బజారుకెళ్తే ఇంట్లోకి రేకు కప్పులు పట్రా," అని ముత్తవ్వకి కేకేశాడు.

"రేకు కప్పులెందుకండీ?" అన్నాడు తొమెజి బల్ల కిందనుంచి.

అమ్మమ్మ ఆయన్ని కాలితో ఒక్కటి తన్నింది.