నీలం చేపకు తోడు

జాతకాలు కలిపి పెళ్ళిళ్ళు చేయడం మూర్ఖత్వమని అనకాపల్లిలో నేను ప్రసంగించని వీధి లేదు. అలాంటి నేను ఒక సాయంత్రం బెల్లం మార్కెట్టు దగ్గరి నెట్ సెంటర్లో కూర్చుని, ఏ చేపకు ఏ చేపతో పొసగుతుందో చెప్పే పట్టిక ప్రింటు తీయించుకున్నాను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకి వస్తున్న రోజులు.

చేపల తొట్టి మా మామగారిది. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, చర్చిలో సంఘపెద్ద. నేను మునగపాక చెరుకు రైతుల ఇంటివాణ్ణి, పైగా దేవుడు లేడనే వాణ్ణి. ఆయన కూతురూ నేనూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్న రోజు ఆయన రాలేదు. తర్వాత తొమ్మిదేళ్ళు నన్ను అల్లుడూ అనకుండా 'మేస్టారూ' అనే పిలిచారు. ఇంటికి వెళితే గుమ్మం పక్క ప్లాస్టిక్ కుర్చీ చూపించేవారు. అంతే మర్యాద.

హాల్లో ఆ తొట్టి వెలుగుతూ ఉండేది. సముద్రపు నీళ్ళు, గుహల్లా పేర్చిన రాళ్ళు, వాటి మీద ఊగే పువ్వుల్లాంటి జీవాలు. ఒక పెద్ద కరెంటు కోతలో గాలి మోటారు ఆగిపోయి చేపలన్నీ చచ్చిపోయాయి. బొటనవేలంత నీలం చేప ఒక్కటే మిగిలింది.

"మేస్టారూ, మీరు సైన్సు మనిషి కదా," అన్నారాయన. "దీనికి తోడుగా ఏ చేపలెయ్యాలో మీరే చూడండి. ఈసారీ చచ్చిపోతే తొట్టి ఎవరికైనా ఇచ్చేత్తాను."

దారిలో నా భార్య చెప్పింది: "నాన్న నిన్ను ఒక పని అడగడం ఇదే మొదలు. ఉపన్యాసం ఇచ్చి చెడగొట్టకు."

పట్టికలో గళ్ళకు మూడు రంగులు వేశారు. ఆకుపచ్చ అయితే కలుస్తాయి, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే వద్దు. నీలం చేప వరసలో దాని సొంత జాతి దగ్గరే ఎరుపు కనిపించింది! నాకు ప్రాణం లేచివచ్చింది. స్వజాతి వాళ్ళే కొట్టుకుంటారట, పరాయి జాతితో సర్దుకుపోతారట. ఆ ఆదివారమే లైబ్రరీ హాల్లో కులాంతర వివాహాల మీద మాట్లాడుతూ ఈ ముక్క ఉత్సాహంగా వాడేశాను.

వెనక బెంచీలోంచి ఒకాయన లేచాడు. "మరి పెద్ద సేప సిన్నసేపని మింగేత్తాది కదా మేస్టారూ. అది కూడా నేర్సుకోమంటారేటి?"

హాలంతా నవ్వింది. ప్రకృతిలో ఉంది కాబట్టి న్యాయం అనకూడదని పదిహేనేళ్ళుగా వాదిస్తున్నవాణ్ణి నేనే.

విశాఖపట్నంలో చేపల షాపుకి వెళ్ళాక అయోమయం ఇంకా పెరిగింది. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు జంటగానే బతుకుతాయన్నాడు షాపువాడు. అంటే వీటికి స్వజాతే తోడు. పట్టికలో ఇవి నీలం చేపకు పసుపు గడి. 'జాగ్రత్త' అంటే ఎంత జాగ్రత్తో ఎక్కడా రాయలేదు. ఇసుకలో పడుకునే ఒక మట్టిరంగు చేపకు ఆకుపచ్చ గడి ఉంది గానీ, పరాయి జాతి పొరుగున కాపురం చేసే జంట అయితే నా ఉపన్యాసానికి బాగా పనికొస్తుందనిపించింది. నిజం చెప్పాలంటే ఎంచుకున్నది అందుకే. గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో వాటిని ఒళ్ళో పెట్టుకుని పాసింజరు బండిలో తెచ్చాను.

మామగారింటికి వెళ్ళేసరికి రాజయ్యపేట నుంచి సముద్రపు నీళ్ళ డబ్బాలు తెచ్చే జాలరి అక్కడే ఉన్నాడు. నా చేతిలో పట్టిక చూసి పకపకా నవ్వాడు. "సేపలకి కూడా సంబంధం సూసేరేటి బాబూ? లగ్గం ఎప్పుడెట్టేరు?"

సంచిని కాసేపు నీళ్ళలో తేలనిచ్చి జంటను వదిలాం. అయిదు నిమిషాలు కూడా కాలేదు. నీలం చేప తన గుహలోంచి బాణంలా వచ్చి ఒకదాని తోక కొరికింది. రెండూ మోటారు వెనక నక్కాయి. అది అక్కడికీ వచ్చింది.

"ఇదేనా సైన్సు?" అన్నారు మామగారు, నా వైపు చూడకుండానే.

నా భార్య వంటింట్లోంచి కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట కొత్తది తెచ్చి ఇచ్చింది. మామగారు దాన్ని నీళ్ళలో తేలనిచ్చి, జంటను పట్టి అందులో వేశారు. జాలరి ఇదంతా చూస్తూ అన్నాడు, "సముద్రంలో అయితే దెబ్బలాట పడ్డాక ఒకటి దూరంగా ఎల్లిపోతాది. ఈ గాజుపెట్టెలో ఎక్కడికెల్తాది పాపం? ఇల్లంతా తనదే అనుకుంటంది మీ నీలంది."

మామగారు తొట్టి మూత తీశారు. చొక్కా చేతులు మడిచి, రాళ్ళు కదపడం మొదలుపెట్టారు. పెద్ద రాయి దగ్గర మోచెయ్యి నొప్పి అడ్డొచ్చింది.

"చెయ్యి పెట్టండి," అన్నారు నాతో.

ఆ నీళ్ళలో ఆయన తన చెయ్యి తప్ప ఎవరి చెయ్యీ పెట్టనిచ్చేవారు కాదు, సొంత కూతురిది కూడా. ఇద్దరం కలిసి గుహ విప్పేశాం. ఎడమ రాళ్ళు కుడికి, కుడివి మధ్యకు. నీళ్ళు తేటపడ్డాక చూస్తే నీలం చేప తన గుమ్మం ఎక్కడుందో తెలియక గాజు వెంట తిరుగుతోంది. దాన్ని చూస్తే జాలేసింది. దోషి అదేనని తెలిసినా వేసింది.

రెండు రోజులు జంటను బుట్టలోనే ఉంచి మూడోనాడు వదిలాం. నీలం చేప ఒకసారి వెంటపడి, మళ్ళీ ఇల్లు వెతుక్కునే పనిలో పడిపోయింది. సొత్తు పోతే దౌర్జన్యం పోతుందని నేను లోపల ఒక సిద్ధాంతం కట్టుకున్నాను. వారం తిరిగేసరికి అది కొత్త రాయొకటి ఆక్రమించి దాని చుట్టూ కాపలా కాయసాగింది. అయినా జంట జోలికి రాలేదు. కొరికిన తోక మెల్లగా మళ్ళీ మొలిచింది. నా సిద్ధాంతం నిలిచిందో కూలిందో తేల్చుకోలేకపోయాను.

ఇంకో వారం పోయాక వెళితే మామగారు తొట్టి ముందు ఉన్నారు.

"అయితే మేస్టారూ, ఈ జంట బతికింది రాళ్ళ వల్లా, బుట్ట వల్లా?"

ఒక్కసారి జరిగింది రుజువు కాదని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి. నోటిదాకా వచ్చిన వాదాలన్నీ మింగేశాను.

"తెలీదు మావయ్యా."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "నీ నోట ఆ మాట ఇదే మొదలు వినడం," అని తన పక్కనున్న సోఫా మీంచి పేపరు తీసేశారు. "కూచో. టీ పెట్టమంటాను."