కాగ్నాను తీసుకురావడానికి పోయిన రోజు

శ్రావణం వచ్చినా కాగ్నా వాగులో ఇసుకే కనిపిస్తోంది. బషీరాబాద్ దగ్గర ఆ వాగు ఒడ్డునే మా కందిచేను. మొలకలు తలలు వాల్చేశాయి. వాగులో నీళ్లొస్తే మోటరు పెట్టి ఒక్క తడి ఇవ్వచ్చు. రాకపోతే చేను చేజారినట్టే.

"ఆషాఢం అయిపాయె. కోడలు ఇంక పుట్టింట్లనే కూసుంటె ఎట్ల? పోయి తీస్కొద్దాం పా," అంది మా అత్త, ఎండిన వాగువైపు చూస్తూ.

కాగ్నా పుట్టిల్లు వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలు. ఆషాఢమంతా పుట్టింట్లో ఉన్న కొత్తకోడల్ని శ్రావణంలో అత్తింటివాళ్లు వెళ్లి తెచ్చుకోవడం మాలో ఆనవాయితీ. నా పెళ్లయిన ఏడు, మా అమ్మ వాకిలి ఊడవకముందే వచ్చి గుమ్మంలో కూర్చున్న మనిషి ఈమె. ఇక వాగును వదులుతుందా! రవికె గుడ్డ, పసుపు కుంకుమ సంచిలో వేసుకుంది. తాండూరు నుంచి బస్సులో దారి పొడుగునా, కోడల్ని ఇంకా పంపనందుకు కొండను ఎలా దులిపేయాలో నాకు వినిపిస్తూనే ఉంది.

అడవిలోకి నాలుగడుగులు వేశాక ఆమె తల పైకెత్తింది. నేనూ అంతే.

పైన మబ్బు చెట్ల కొమ్మల్లోకి దిగి ఉంది. వాన నేల మీద పడటం లేదు. టేకు ఆకు పట్టుకుని వెదురుకు ఇస్తోంది, వెదురు కింది పొదకు ఇస్తోంది. నాచు మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు మెల్లగా పోతున్నాయి. మేం కదిలితే కప్పలు గప్‌చుప్, ఆగితే మళ్లీ మొదలు. పిల్లను పొట్టకు అదుముకున్న కొండముచ్చు ఒకటి మమ్మల్ని చూసి, పట్టించుకోకుండా తల తిప్పుకుంది. ఈ కొండకు తూర్పున పడిన చినుకు మూసీలోకి, పడమట పడింది కాగ్నాలోకి పోతుంది. విడిపోయిన ఆ రెండూ ఎన్నో ఊళ్లు తిరిగి చివరికి కృష్ణలో కలుస్తాయి. చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టిన ముక్కే. అక్కడ నిలబడ్డాక మాత్రం చెప్పులు విప్పేశాను.

మేకలు కాస్తున్న ఒకామెను కాగ్నా ఎక్కడని అడిగాం.

"గా బండ కింద సూడుండ్రి. గసుంటియే మస్తు కలిస్తె వాగైతది," అంది.

బండ కింద, కుళ్లిన ఆకుల్లోంచి, వేలెడు సన్నని ధార. గోరంత ఎండ్రకాయ ఒకటి దాన్ని అడ్డంగా దాటుతోంది. ఆ కాస్త నీటిలో దాని కాళ్లు కూడా మునగలేదు.

అత్త గొంతుక్కూర్చుంది. సంచిలోంచి తీసిన రవికె గుడ్డను చాలాసేపు చేతిలోనే పట్టుకుని, మళ్లీ లోపల పెట్టేసింది.

"గింత పసిపిల్లనా!" అంది నావైపు చూసి. కళ్లలో నీళ్లు. "దీన్ని పంపుమని ఏ నోటితోని అడుగుదు?"

తర్వాత ధార మీదికి వంగి, నిద్రలో ఉన్నవాళ్లతో మాట్లాడినట్టు అంది.

"జర పెద్దగైనంకనే రా బిడ్డ. మాకేం తొందర లేదు."

చేను ఇంకో వారం కూడా ఆగదని మా ఇద్దరికీ తెలుసు.