పాలకు బండి, చదువుకు బస్సు

ఈ రోజు సదుం దగ్గర మా బావమరిది రెడ్డెప్ప ఇంట్లో గొంతు చించుకుని వచ్చాను. వాళ్లమ్మాయి సుజాతకు పంతొమ్మిదేళ్లు, లైసెన్సు కూడా ఉంది. పుంగనూరు కాలేజీకి వెళ్లే బస్సు రోజూ ఆలస్యమే. హాజరు ఇంకా తగ్గితే పరీక్ష రాయనివ్వబోమన్నారట. మోపెడ్ కొనివ్వరా అంటే వాడు ససేమిరా అన్నాడు.

“ఆడపిల్ల బండెక్కి తిరిగితే ఊరోళ్లు ఏమనుకుంటారు బావా? బస్సు ఉండాది కదా!”

నేను ఉపన్యాసం మొదలుపెట్టేలోపే సుజాత వంటింట్లోంచి వచ్చింది.

“తెల్లారే రెండు క్యాన్లు కట్టుకోని నీ బండిమీద పాలకేంద్రానికి పోతాండేది ఎవురు నాయనా? అప్పుడు ఊరోళ్లకి కండ్లు లేవా? రేపట్నించి పాలు గూడా బస్సులోనే తీసకపోతా.”

“బస్సోళ్లు క్యాన్లు ఎక్కించుకోరు కదమ్మా!”

“అయితే నువ్వే పో.”

రెడ్డెప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “ఆదివారం మదనపల్లెకు పోయి బండి సూసొద్దాం పామ్మా” అన్నాడు.

ఇరవై ఏళ్లుగా నా వాదనలకు కదలని మనిషి ఆవుపాలకు కదిలాడు! ఇంటి పనికి కూతురు బండెక్కితే బుద్ధిమంతురాలు, తన చదువుకు ఎక్కితే పరువు తక్కువ. మీ ఇళ్లలో ఈ న్యాయం లేదంటారా? ఇంట్లో ఆడపిల్లను అడిగి, అప్పుడు వచ్చి నాతో వాదించండి.